టీచర్ కాదన్నాడు, ఎనిమిదేళ్ళ పిల్లాడు చెప్పాడు

స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అని ఒక చిన్న ఊరుంది. గోల్ఫ్ చూసేవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. ఆ ఊళ్ళో ఒక హైస్కూల్ ఉంది, దాని పేరు మద్రాస్ కాలేజ్. అవును, మన మద్రాసే. దాదాపు 190 ఏళ్ళుగా అక్కడి పిల్లలు "నేను మద్రాస్‌లో చదువుతున్నా" అని చెప్పుకుంటున్నారు. ఎక్కడి స్కాట్లండ్, ఎక్కడి మద్రాసు? ఈ రెండింటినీ కలిపింది ఒక సబ్‌స్టిట్యూట్ టీచర్. ఆ టీచర్ వయసు ఎనిమిదేళ్ళు.

ఈ రోజు ఎపిసోడ్ సబ్‌స్టిట్యూట్ టీచర్ల చరిత్ర. అంటే రెగ్యులర్ టీచర్ లేనిచోట, రానిచోట, చాలనిచోట తెచ్చి నిలబెట్టిన మనుషుల కథ. విద్యా వాలంటీర్, గెస్ట్ లెక్చరర్, అప్రెంటిస్ టీచర్, పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్... పేర్లు మారుతుంటాయి, పని ఒకటే. మీలో చాలామంది బీఈడీ, డీఎడ్ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నారు. ఈలోపు దొరికేది ఇలాంటి ఉద్యోగమే. కాబట్టి ఈ కథ మీకు పనికొస్తుంది. ఇది ఎప్పుడు బాగా పనిచేసింది, ఎప్పుడు పాడైంది, ఎందుకు పాడైంది అనేది చరిత్రలో చాలా క్లియర్‌గా కనిపిస్తుంది.

సరే, మద్రాసు వెళ్దాం.

ఆండ్రూ బెల్ అని ఒక స్కాటిష్ మతగురువు. 1753లో అదే సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టాడు, 1787లో ఇండియా వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి చాప్లిన్‌గా పనిచేసేవాడు. ఒకటి కాదు, ఒకేసారి చాలా రెజిమెంట్లకి. ఆదాయానికి లోటు లేదు. 1789లో ఎగ్మోర్‌లో సైనికుల అనాథ పిల్లల కోసం మేల్ ఆర్ఫన్ ఎసైలమ్ అని ఒకటి తెరిచారు. తండ్రి యూరోపియన్ సైనికుడు, తల్లి ఎక్కువగా ఇక్కడి మనిషి, అలాంటి మగపిల్లలు ఉండేవాళ్ళు. దాన్ని చూసుకునే బాధ్యత బెల్‌కి వచ్చింది. జీతం వద్దన్నాడు.

స్కూల్ ఉంది, పిల్లలున్నారు, టీచర్లు కూడా ఉన్నారు. పాఠం మాత్రం నడవట్లేదు. చిన్న పిల్లలకి అక్షరాలు రావడానికి నెలలు పడుతోంది. ఒక రోజు పొద్దున బెల్ గుర్రం మీద వెళ్తూ ఒక తమిళ వీధి బడి చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలక లేదు, కాగితం లేదు, సిరా లేదు. తప్పు రాస్తే చేత్తో చెరిపి మళ్ళీ రాస్తున్నారు. మన తాతమ్మల కాలంలో ఓనమాలు దిద్దించిన పద్ధతే ఇది.

బెల్‌కి ఇది బ్రహ్మాండంగా అనిపించింది. తన స్కూల్‌కి వచ్చి టీచర్‌తో చెప్పాడు, మనమూ ఇలా ఇసుకలో నేర్పిద్దాం అని. ఆ టీచర్ కుదరదన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఒక పద్ధతిలో చెప్తున్న మనిషికి పైనుంచి ఒకాయన వచ్చి "రేపట్నుంచి ఇసుక" అంటే ఎవరికైనా చిరాకే.

అప్పుడు బెల్ ఒక పని చేశాడు. ఆ స్కూల్లోనే చదువుతున్న జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పిలిచాడు. మామూలు సిపాయి కొడుకు. అక్షరాల క్లాస్ వాడి చేతిలో పెట్టాడు. టీచర్ అసాధ్యమన్న పనిని ఆ పిల్లాడు చేసి చూపించాడు. దాంతో కింది క్లాసులన్నీ ఒక్కొక్కటిగా పిల్లల చేతికే వెళ్ళాయి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్తారు, పైన బెల్ ఉంటాడు. దీనికే తర్వాత మద్రాస్ సిస్టమ్ అని, మానిటోరియల్ సిస్టమ్ అని పేర్లొచ్చాయి. ఇప్పటికీ మన స్కూళ్ళలో "క్లాస్ మానిటర్" అంటాం కదా, ఆ మాటకి ఈ కాలంతో సంబంధం ఉంది. ఆ రోజుల్లో మానిటర్ పని మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం కాదు. పాఠం చెప్పడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ ఎనిమిదేళ్ళ పిల్లాడు ఎందుకు సక్సెస్ అయ్యాడు? వాడేమీ అద్భుత బాలుడు అయి ఉండక్కర్లేదు. మూడు విషయాలు చూడండి.

ఒకటి, వాడికిచ్చిన పని చిన్నది. ఇంగ్లీషు మొత్తం కాదు, అక్షరాలు మాత్రమే. రెండు, వాడి చేతిలో ఒక పద్ధతి ఉంది. ఇసుక పళ్ళెం, వేలు, చెరిపి మళ్ళీ రాయడం. ఏం చేయాలో వాడు కనిపెట్టనక్కర్లేదు. మూడు, వాడి వెనక ఒక మనిషి ఉన్నాడు. బెల్ రోజూ చూసేవాడు, అడిగేవాడు, సరిచేసేవాడు. చిన్న పని, చేతిలో పద్ధతి, వెనక మనిషి. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది.

బెల్ 1796లో ఇండియా వదిలి వెళ్ళిపోయాడు. 1797లో లండన్‌లో మద్రాసు అనుభవం మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. మరుసటి సంవత్సరం, 1798లో, జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు లండన్‌లో పేద పిల్లలకి స్కూల్ పెట్టాడు. టీచర్లకిచ్చే డబ్బుల్లేక వాడూ ఇలాంటి దారే పట్టాడు. అక్కణ్ణుంచి వీళ్ళిద్దరిలో ఎవరు ముందు అని పెద్ద గొడవ. చర్చి వాళ్ళు బెల్ వైపు, మిగతావాళ్ళు లాంకాస్టర్ వైపు. మన ఫ్యాన్ వార్స్ లాగా అన్నమాట.

అయితే మనకి కావాల్సిన సీన్ లండన్‌లో లేదు. బళ్ళారిలో ఉంది.

1822లో మద్రాస్ గవర్నర్ థామస్ మన్రో ఒక సర్వే చేయించాడు. రాయలసీమ వాళ్ళకి మన్రో పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టర్‌గా పనిచేసింది ఆయనే. ఇప్పుడు గవర్నర్‌గా జిల్లా కలెక్టర్లందరినీ అడిగాడు: మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి.

బళ్ళారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో రిపోర్ట్ పంపాడు. ఈయన మామూలు కలెక్టర్ కాదు, తెలుగు బాగా వచ్చినవాడు. 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అందులోనే ఉండేది, 1882లో విడిపోయింది. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బళ్ళు. అందులో కన్నడం 235, తెలుగు 226. ఇవి కాక మరాఠీ, పర్షియన్, సంస్కృతం, తమిళం, ఒకే ఒక్క ఇంగ్లీషు బడి. మొత్తం పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు? 60. జిల్లా జనాభా 9 లక్షల 27 వేల పైన. అంటే వెయ్యిమందిలో సుమారు ఏడుగురే బడికి వెళ్తున్నారు.

ఈ రిపోర్టులో ఒక వాక్యం చాలా ఫేమస్. మన బళ్ళల్లో తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పైస్థాయి పిల్లలు కిందిస్థాయి పిల్లలకి చెప్పడం, అలా చెప్తూ తమకొచ్చింది గట్టిపరుచుకోవడం, ఇదంతా మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబేనని కాంప్‌బెల్ రాశాడు. ధరంపాల్ గారు ఈ సర్వే రిపోర్టులన్నీ తవ్వితీసి 1983లో పుస్తకంగా వేశాక ఈ వాక్యం ఇంకా బాగా జనంలోకి వెళ్ళింది. "బ్రిటిష్ వాళ్ళు మన విద్యా విధానాన్ని కాపీ కొట్టారు" అని మీకు ఫార్వర్డ్ మెసేజ్ వచ్చే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమేం కాదు. ఇసుక సంగతి వీధి బడి నుంచే తీసుకున్నానని బెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. పిల్లలతో చెప్పించే ఆలోచన మాత్రం తనదే అన్నాడు. కాంప్‌బెల్ లాంటి వాళ్ళు అదీ ఇక్కడిదే అన్నారు. మన వీధి బడిలో ఒక్క పంతులుగారు, రకరకాల వయసుల పిల్లలు. పెద్దవాడు చిన్నవాడి చేత దిద్దించకపోతే ఆ బడి నడిచేదే కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫార్వర్డ్ మెసేజ్ రాసినవాళ్ళు దాని తర్వాత వాక్యాన్ని వదిలేస్తారు. కాంప్‌బెల్ వెంటనే ఏం రాశాడంటే, ఈ బళ్ళకున్న ముఖ్యమైన లోపాలు రెండు. ఒకటి, చెప్పే పుస్తకాలు. రెండోది, సమర్థులైన టీచర్లు లేకపోవడం.

అర్థమైందా? పిల్లలు పిల్లలకి చెప్పే పద్ధతి బావుంది అన్న మనిషే, వెంటనే, నిజమైన టీచర్లు లేరు అని కూడా అన్నాడు. ఆయనకి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. సాయం చేసేవాడు బాగా చేస్తున్నాడు, ఎవరికి సాయం చేస్తున్నాడో ఆ పెద్ద టీచర్ సరిగ్గా లేడు. గత 200 ఏళ్ళలో ప్రభుత్వాలన్నీ మొదటి వాక్యం చదివి చప్పట్లు కొట్టి, రెండో వాక్యం మర్చిపోయాయి. నా ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాటే.

మర్చిపోనివాడు ఒకడున్నాడు, మన్రో. 1826 మార్చిలో అన్ని జిల్లాల లెక్కలు కలిపాడు. ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు, జనాభా కోటీ 28 లక్షలు. అప్పుడు ఆయన ఒక సూటి కారణం రాశాడు. బడి పంతుళ్ళకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావట్లేదు, ఆ డబ్బుకి సరైన అర్హత ఉన్నవాళ్ళు ఈ పనిలోకి రారు అని. అందుకని ఒక ప్లాన్ వేశాడు. తహసీల్ బళ్ళల్లో టీచర్‌కి ప్రభుత్వం నెలకి 9 రూపాయలు ఇవ్వాలి, పిల్లల ఫీజులు అదనం. జిల్లా బళ్ళల్లో 15 రూపాయలు. టీచర్లకి ముందు మద్రాసులో ట్రైనింగ్ ఇవ్వాలి.

1827 జూలైలో మన్రో కలరాతో చనిపోయాడు. ఎక్కడో కాదు, మన కర్నూలు జిల్లా పత్తికొండలో. ఆయన తర్వాత ఆ ప్లాన్‌ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1830లలోనే ఆ తహసీల్దారీ స్కూళ్ళని ఎత్తేశారు.

ఈలోపు ఇంగ్లండ్‌లో ఏం జరుగుతోంది? మద్రాసు ఐడియా వైరల్ అయ్యింది. ఒక్క మాస్టర్ వెయ్యిమంది పిల్లలకి చదువు చెప్పొచ్చు అని లాంకాస్టర్ ప్రచారం చేశాడు. పెద్ద హాల్, బెంచీలు వరసలు వరసలుగా, ప్రతి వరసకీ ఒక మానిటర్. పిల్లలందరికీ పుస్తకాలు కొనక్కర్లేకుండా పెద్ద అక్షరాలతో అచ్చేసి గోడకి తగిలించేవాడు. చిన్న పిల్లలు ఇసుకలో రాసేవాళ్ళు. అల్లరి చేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకి వేలాడదీసేవాడు, ఇదీ నిజమే. 1811లో బెల్ పద్ధతి కోసం నేషనల్ సొసైటీ అనే పెద్ద సంస్థే పుట్టింది. ఈ పద్ధతి అమెరికా దాకా వెళ్ళింది.

ఎందుకింత పేరొచ్చింది? పద్ధతి గొప్పదని కాదు, చవకని. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒకటి చూశాను. రాత్రి రెండింటికి ఏదో ఆగిపోతే ఒక టెంపరరీ ఫిక్స్ పెడతాం. "తర్వాత సరిగ్గా రాద్దాం" అని కామెంట్ కూడా రాస్తాం. అది పనిచేస్తుంది. పనిచేస్తోంది కాబట్టి ఇంక ఎవ్వరూ ముట్టుకోరు. ఐదేళ్ళ తర్వాత సిస్టమ్ మొత్తం ఆ టెంపరరీ ఫిక్స్ మీదే నిలబడి ఉంటుంది. ఎగ్మోర్‌లో జాన్ ఫ్రిస్కెన్ ఒక టెంపరరీ ఫిక్స్. ఇంగ్లండ్ వాళ్ళు దాన్నే పునాది చేసుకుని దేశమంతా కట్టేశారు.

మరి ఏమైంది? మనం చెప్పుకున్న మూడు షరతులూ ఒక్కొక్కటిగా జారిపోయాయి. అక్షరాలు చెప్పడం వచ్చిన పిల్లాణ్ణి లెక్కలు, బైబిల్ పాఠాలు కూడా చెప్పమన్నారు. అంటే పని చిన్నది కాదు. వెనకుండే బెల్ లాంటి మనిషి వెయ్యిమందికి ఒక్కడయ్యాడు. మిగిలింది పద్ధతి ఒక్కటే, అదీ బట్టీ. పిల్లాడు ఒక ప్రశ్న అడిగితే, మానిటర్‌కి తను కంఠతా పట్టింది తప్ప ఇంకేం రాదు.

దీన్ని సరిచేసిన మనిషి జేమ్స్ కే షటిల్‌వర్త్. 1846లో ఆయన ప్యూపిల్ టీచర్ అనే స్కీమ్ తెచ్చాడు. సబ్‌స్టిట్యూట్ టీచర్ల చరిత్రలో నాకు బాగా నచ్చింది ఇదే, కొంచెం వివరంగా చెప్తాను.

13 ఏళ్ళు నిండిన పిల్లల్ని ఐదేళ్ళ అప్రెంటిస్‌గా తీసుకుంటారు. పగలు క్లాసు చెప్తారు. అదే రోజు హెడ్‌మాస్టర్ వాళ్ళకి విడిగా గంటన్నర పాఠం చెప్పాలి. మొదటి సంవత్సరం 10 పౌండ్లు, ఏటా పెరుగుతూ ఐదో ఏడాదికి 20 పౌండ్లు. ప్రతి ఏడాదీ ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్ష పెడతాడు. 25 మంది పిల్లలకి ఒక అప్రెంటిస్, వెయ్యికి ఒక మాస్టర్ అనే లెక్క పోయింది. ఐదేళ్ళు అయ్యాక క్వీన్స్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ట్రైనింగ్ కాలేజీకి వెళ్ళొచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం, అప్రెంటిస్‌కి నేర్పినందుకు హెడ్‌మాస్టర్‌కి కూడా ప్రభుత్వం అదనంగా డబ్బిచ్చింది.

అక్కడ ఆగి చూడండి. మొదలుపెట్టినవాడు పిల్లాడే, మానిటర్ లాగే. కానీ వాడికి జీతం ఉంది, ఏటా పెరుగుతుంది. నేర్పే మనిషి ఉన్నాడు, నేర్పినందుకు ఆ మనిషికీ డబ్బుంది. చివర్లో ఒక తలుపు తెరిచి ఉంది. టెంపరరీగా మొదలై పర్మనెంట్ దాకా వెళ్ళే దారి కనిపిస్తోంది. ఎంతోమంది పేదింటి పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, ఈ దారిలోనే టీచర్లయ్యారు.

తర్వాత 1862లో రాబర్ట్ లో అనే ఆయన ఖర్చు తగ్గించాలన్నాడు. పిల్లల పరీక్షా ఫలితాల్ని బట్టి స్కూల్‌కి డబ్బిచ్చే రూల్ తెచ్చాడు. ప్యూపిల్ టీచర్లకి నేరుగా వచ్చే ప్రభుత్వ డబ్బు ఆగిపోయింది, వాళ్ళకి నేర్పే గంటలు తగ్గాయి, చేరేవాళ్ళూ తగ్గారు. ఇలా ఫలితాల్ని బట్టి గ్రాంట్ ఇవ్వడం మన మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. అంటే 1789లో ఇక్కణ్ణుంచి చవక ఐడియా అక్కడికి వెళ్ళింది, ఎనభై ఏళ్ళ లోపే అక్కణ్ణుంచి ఇంకో చవక ఐడియా ఇక్కడికి వచ్చింది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం.

స్వాతంత్ర్యం వచ్చాక ఊరూరా బడి పెట్టాలనుకున్నాం. బడి కట్టడం తేలిక, టీచర్‌ని పెట్టడం కష్టం. 1980ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లని తీసుకున్నారు. మీ ఇంట్లో రిటైర్డ్ టీచర్ ఎవరైనా ఉంటే అడగండి, "మూడువందల తొంభై ఎనిమిది టీచర్లు" అంటే వెంటనే చెప్తారు. ఒక మనిషికి తన జీతం అంకే పేరైపోయింది, ఆలోచించండి. వాళ్ళు తర్వాత రెగ్యులర్ అయ్యారు. కానీ ఆ 398 రూపాయల సంవత్సరాల్ని ఇంక్రిమెంట్ల లెక్కలో కలపమని ఏళ్ళతరబడి అడుగుతూనే ఉన్నారు.

రాజస్థాన్‌లో 1987లో శిక్షాకర్మి ప్రాజెక్ట్ మొదలైంది. అది అచ్చంగా సబ్‌స్టిట్యూట్ స్కీమే. మారుమూల ఊళ్ళకి టీచర్లు రావట్లేదు కాబట్టి, ఆ ఊరివాళ్ళనే తీసుకుని టీచర్లుగా తయారుచేశారు. చదువు మగవాళ్ళకి ఎనిమిదో తరగతి, ఆడవాళ్ళకి ఐదో తరగతి ఉంటే చాలన్నారు. అయితే నెలకి పైగా ట్రైనింగ్ ఇచ్చాకే క్లాసులోకి పంపారు, తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు. అర్హత తగ్గించారు, కానీ వెనకుండే మనిషిని తీసేయలేదు.

1990ల చివర్లో మనకి విద్యా వాలంటీర్లు వచ్చారు. 2000ల్లో డీఎస్సీలో సెలెక్ట్ అయినవాళ్ళకి కూడా ముందు అప్రెంటిస్ పేరుతో తక్కువ డబ్బులిచ్చారు. పేరు చూస్తే కే షటిల్‌వర్త్ స్కీమ్ గుర్తొస్తుంది. కానీ ఇక్కడ అప్రెంటిస్‌కి ఎవరు నేర్పారు? ముందే ట్రైనింగ్ అయి, పరీక్ష పాసై వచ్చిన మనిషిని అప్రెంటిస్ అన్నారు. నేర్పడం లేదు, జీతం తగ్గించడం మాత్రం ఉంది.

నాకు నాలుగో తరగతిలో భాగహారం వచ్చింది ఒక విద్యా వాలంటీర్ వల్ల. మా ఊరి కోడలే, ఇంటర్ చదివింది. ఊళ్ళో అందరికీ వరసైన మనిషి కాబట్టి బడి బయట వదిన, బడి లోపల మేడం. చింతపిక్కలు తెచ్చి కుప్పలు పోయించేది. పన్నెండు పిక్కలు నలుగురికి పంచు, మిగిలితే శేషం. అంతే. ఆమె ఉద్యోగం ఏడాదికి పది నెలలే. ఏప్రిల్‌లో అయిపోతుంది, జూన్‌లో మళ్ళీ పిలుస్తారో లేదో తెలీదు. నేను ఐదో తరగతికి వచ్చిన జూన్‌లో పిలుపు రాలేదు. ఆమె టౌన్‌లో ఒక చీరల షాపులో చేరింది. మా క్లాసుకి కొన్ని నెలలు ఎవరూ లేరు. ఆమె కంటే మంచి టీచర్ దొరికాక ఆమెని ఆపేసి ఉంటే బాధ లేదు.

ఇప్పుడు మీకో డౌట్ రావాలి. అసలు వీళ్ళు బాగా చెప్తారా? ఇంటర్ చదివిన మనిషి, ట్రైనింగ్ లేని మనిషి, రెగ్యులర్ టీచర్‌తో సమానమా?

దీనికి మన రాష్ట్రంలోనే జవాబుంది. 2000ల మధ్యలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పరిశోధన చేశారు. లాటరీ పద్ధతిలో 100 స్కూళ్ళని ఎంచి ఒక్కో కాంట్రాక్ట్ టీచర్‌ని అదనంగా ఇచ్చారు. ఆ టీచర్ జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో సుమారు ఐదో వంతు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ స్కూళ్ళలో పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతావాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. స్కూల్‌కి రాకపోవడం కూడా కాంట్రాక్ట్ టీచర్లలో తక్కువ, 18 శాతం. రెగ్యులర్ టీచర్లలో 27 శాతం.

ఇది చూసి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు "చూశారా, ఐదో వంతు జీతానికే పని అవుతోంది, ఇంక రెగ్యులర్ పోస్టులెందుకు" అంటారు. ఇంకొకరు "ఇదంతా టీచర్ల మీద కుట్ర" అంటారు. నాకు రెండూ ఒప్పుగా అనిపించట్లేదు. ఆ పరిశోధనలో ఒక మాట ముఖ్యం: అదనంగా. ఉన్న టీచర్లు అలాగే ఉన్నారు, ఇంకో మనిషి చేరాడు. అంటే క్లాసులో పిల్లలు తగ్గారు, పని పంచుకున్నారు, పక్కన అడగడానికి ఒక రెగ్యులర్ టీచర్ ఉన్నాడు. దాన్ని తెచ్చి "టీచర్ బదులు వాలంటీర్" అనడానికి వాడితే లెక్క తప్పుతుంది. అదే సమయంలో, వాలంటీర్లకి చెప్పడం రాదు అని తీసిపారేసేవాళ్ళ మాట కూడా నిలబడదు. మా ఊరి వదినకి వచ్చు. జాన్ ఫ్రిస్కెన్‌కీ వచ్చు.

సమస్య మొదలుపెట్టినవాళ్ళలో లేదు. మొదలుపెట్టించి అక్కడే వదిలేయడంలో ఉంది.

చట్టం కూడా ఈ మాటే చెప్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టంలో 26వ సెక్షన్ చూడండి. ఏ ప్రభుత్వ స్కూల్లోనూ టీచర్ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. అంటే సబ్‌స్టిట్యూట్ అనేది ఒకరు సెలవులో ఉంటేనో, కొత్తవాళ్ళు వచ్చేదాకానో ఉండాల్సిన ఏర్పాటు. కానీ తెలంగాణలో విద్యా వాలంటీర్లు ఏళ్ళతరబడి నడిచారు, నెలకి 12,000 రూపాయల దాకా వచ్చారు. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాక వేల మందిని మళ్ళీ తీసుకోలేదు. తీసేశారు అని కాగితం మీద ఎక్కడా ఉండదు. రెన్యూ చేయలేదు, అంతే. టెంపరరీ ఉద్యోగంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. పోయినప్పుడు పోయిందని చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

సరే, మీలో ఎవరైనా రేపు ఇలాంటి పోస్టులో చేరబోతుంటే, ఈ 230 ఏళ్ళ కథలోంచి పట్టుకెళ్ళాల్సింది చెప్తాను. ఇది మోటివేషన్ కాదు, చెక్‌లిస్ట్.

మొదటి రోజు హెడ్‌మాస్టర్ గారిని అడగండి: "సార్, నేను సరిగ్గా ఏ క్లాసు, ఏ సబ్జెక్టు, ఎక్కడిదాకా చెప్పాలి?" అన్నీ చూసుకోమ్మా అంటే, మర్యాదగానే ఇంకోసారి అడగండి. చిన్న పని కచ్చితంగా తెలిస్తేనే ఫ్రిస్కెన్ గెలిచాడు.

రెండు, సిలబస్ మొదలుపెట్టే ముందు పిల్లలకి ఏం వచ్చో చూడండి. ఒక్కొక్కరి చేత నాలుగు లైన్లు చదివించండి, రెండంకెల తీసివేత ఒకటి చేయించండి. రెండు రోజులు పడుతుంది, పర్లేదు. ఏడో తరగతిలో ఉన్న పిల్లాడికి మూడో తరగతి లెక్క రాకపోతే, పుస్తకంలో ఏడో పాఠం ఎంత బాగా చెప్పినా వాడికి ఎక్కదు.

మూడు, వచ్చిన పిల్లల్ని రాని పిల్లల పక్కన కూర్చోబెట్టండి. మన వీధి బడి పంతులుగారు చేసిన పని ఇదే, ఇప్పటికీ పనిచేస్తుంది. కాకపోతే వాళ్ళకి వదిలేసి మీరు ఫోన్ చూసుకోకండి. ఆ క్లాసులో బెల్ మీరే.

నాలుగు, మీకు ఒక బెల్‌ని వెతుక్కోండి. స్కూల్లో ఒక సీనియర్ టీచర్, ఆవిడ క్లాసులో వారానికి ఒక పీరియడ్ వెనక కూర్చుంటానని అడగండి. ఒకసారి మీ క్లాసుకి రమ్మనండి. ప్రభుత్వం ఇవ్వాల్సిన ట్రైనింగ్ ఇది, ఇవ్వట్లేదు కాబట్టి మనం అడిగి తీసుకోవాలి.

ఐదు, ఆర్డర్ కాగితం తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంత డబ్బు, అటెండెన్స్ ఎవరు సంతకం పెడతారు. ఫొటో తీసి పెట్టుకోండి. 398 టీచర్లు దశాబ్దాలు తిరిగింది తమ పాత సర్వీసుని ఒప్పించుకోవడానికే.

ఇంక మీరు టీచర్ కాబోవట్లేదు, ఊరికే వీడియో చూస్తున్నారు అనుకోండి. మీకూ ఒక పని ఉంది. మీ ఊరి బడికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి. మంజూరైన పోస్టులెన్ని, ఉన్న టీచర్లెంతమంది? చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టొచ్చు. ఆ ఖాళీ 10 శాతం దాటితే, వాలంటీర్‌ని ఇచ్చాం కదా అనే జవాబుతో ఊరుకోకండి. వాలంటీర్ మంచిదే. ఆ పోస్టు ఎప్పుడు నింపుతారు, అప్పటిదాకా ఆ వాలంటీర్‌కి ఎవరు నేర్పుతున్నారు? ఈ రెండూ అడగండి.

బెల్ 1832లో చనిపోయాడు, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. తన ఆస్తిలోంచి ఆయన ఇచ్చిన డబ్బుతోనే సెయింట్ ఆండ్రూస్‌లో ఆ మద్రాస్ కాలేజ్ వచ్చింది. ఈసారి ఎవరైనా మీకు కాంప్‌బెల్ మొదటి వాక్యం ఫార్వర్డ్ చేస్తే డిలీట్ చేయకండి. కింద రెండో వాక్యం రాసి తిరిగి పంపండి: సమర్థులైన టీచర్లు లేరు, బళ్ళారి కలెక్టర్, 1823.

మీ ఊరి లెక్క తెలిస్తే కామెంట్‌లో పెట్టండి, పోస్టులెన్ని, టీచర్లెంతమంది, ఈ రెండంకెలు చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.